పెళ్ళిపందిరి వెలుపలి రాక్షసుడు: ‘సీతారామ కల్యాణం’ (1961) రావణుడు, ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టయిన్’ (1935) వికృతజీవి – ఒక తులనాత్మక పరిశీలన

శ్రీరామనవమి నాడు విజయవాడ వీధుల్లోనూ కృష్ణా డెల్టా పల్లెల్లోనూ చలువపందిళ్ళ నుంచి వినిపించే కల్యాణగీతం 1961లో విడుదలైన ‘సీతారామ కల్యాణం’ చిత్రంలోనిది. సముద్రాల రాఘవాచార్య రచించగా గాలి పెంచల నరసింహారావు స్వరపరిచిన ఆ గీతాన్ని పి. సుశీల పాడారు. పానకం, వడపప్పు పంచే చోట ఆరు దశాబ్దాలుగా వినిపిస్తున్న ఈ పాట ఎవరిని కేంద్రంగా చేసుకున్న చిత్రంలోనిదన్న ప్రశ్న సాధారణంగా ఎవరికీ తట్టదు. చిత్రదర్శకుడూ ప్రధాన నటుడూ అయిన నందమూరి తారక రామారావు తనకోసం ఎంచుకున్నది రాముని పాత్ర కాదు, రావణుని పాత్ర. రామునిగా హరనాథ్, సీతగా గీతాంజలి నటించారు. ‘మాయాబజార్’ (1957)లో రామారావును కృష్ణునిగా చూపిన కె.వి. రెడ్డి అదే నటుని రాక్షసపాత్రలో ఊహించుకోలేక దర్శకత్వ బాధ్యత స్వీకరించలేదని, ఆ మీదటనే రామారావు స్వయంగా దర్శకత్వానికి పూనుకున్నారని చలనచిత్ర చరిత్రలో ప్రసిద్ధం. పేర్లపట్టికలో దర్శకుని పేరు మాత్రం వేసుకోలేదు.

రావణుని పట్ల ఈ చిత్రం కలిగించే సానుభూతిని సాధారణంగా రెండు విధాలుగా వివరించడం కద్దు. నటుని ఆకర్షణ పాత్రదోషాన్ని కప్పివేసిందన్నది మొదటిది. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ (1920) వంటి రచనలతో డెల్టాలో బలపడిన పురాణవిమర్శ ఈ చిత్రానికి నేపథ్యమన్నది రెండవది. త్రిపురనేని స్వగ్రామం అంగలూరు, రామారావు స్వగ్రామం నిమ్మకూరు గుడివాడ ప్రాంతంలోనివే కనుక రెండవ వివరణకు కొంత ఊతం దొరుకుతుంది. అయితే ‘శంబుకవధ’ రాముని న్యాయాన్ని ప్రశ్నిస్తుంది. ‘సీతారామ కల్యాణం’ ఎక్కడా ఆ పని చేయదు. రాముని దైవత్వాన్ని చెక్కుచెదరనివ్వకుండానే రావణుని వైపు ప్రేక్షకుని మనస్సును తిప్పుతుంది. ఈ రెండూ ఒకే చిత్రంలో ఎలా సాధ్యమయ్యాయో తెలియడానికి దూరదేశపు చిత్రమొకదానితో పోల్చి చూడటం ఉపకరిస్తుంది.

జేమ్స్ వేల్ దర్శకత్వంలో యూనివర్సల్ సంస్థ 1931లో ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ను, 1935లో దాని తరువాయిగా ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టయిన్’ను నిర్మించింది. శవాల అవయవాలు కూర్చి ఒక శాస్త్రజ్ఞుడు ప్రాణం పోసిన వికృతజీవిగా రెండింటిలోనూ బోరిస్ కార్లాఫ్ నటించాడు. మొదటి చిత్రంలో అది మాటలేని భయంకరరూపం. రెండవ చిత్రంలో మాటలు నేర్చుకుంటుంది, స్నేహం కోరుతుంది, తోడు కావాలని అడుగుతుంది. భయానక చిత్రాలలో తరువాయి భాగం మొదటిదానిని మించిందని విమర్శకులు తరచుగా చెప్పే ఉదాహరణ ఇది. కల్యాణం పేరుతో వచ్చిన తెలుగు చిత్రానికీ వధువు పేరుతో వచ్చిన ఈ చిత్రానికీ ప్రభావ సంబంధం ఉన్నదని ఇక్కడి ప్రతిపాదన కాదు. ఒకే చిక్కును రెండు సంప్రదాయాలు భిన్నంగా విప్పిన తీరు మాత్రమే ఇక్కడి విషయం.

ఉత్తరకథ అనేది వెనుకకథ

వేల్ తీసిన రెండవ చిత్రం ఒక తుఫాను రాత్రి సంభాషణతో మొదలవుతుంది. కవి బైరన్, కవి షెల్లీ ఎదుట నవలా రచయిత్రి మేరీ షెల్లీ తన కథ అంతటితో ముగియలేదని చెప్పి మిగిలినది వినిపించబూనుతుంది. చనిపోయిందనుకున్న జీవి కథ వినేవారి కుతూహలం వల్ల మళ్ళీ లేస్తుందన్నమాట. ఈ ఎత్తుగడ తెలుగు పాఠకునికి కొత్తగా తోచదు. వాల్మీకి ఉత్తరకాండలో పట్టాభిషేకానంతరం మునులు అయోధ్యకు రావడం, రాముడు కుతూహలంతో ప్రశ్నించగా అగస్త్యుడు రావణుని పుట్టుక, తపస్సు, దిగ్విజయాలు వినిపించడం ఈ పద్ధతిలోనివే. అక్కడ అడుగుతున్నవాడు చంపినవాడు. తాను చంపినవాడెవరో యుద్ధం ముగిసిన తరువాత గాని రామునికి పూర్తిగా తెలియదు. పాఠకునికీ అంతే. యుద్ధకాండ దాకా శత్రువుగా నిలిచినవానికి ఒక తల్లి, ఒక బాల్యం, ఒక తపస్సు ఉండేవని ఉత్తరకాండ చెబుతుంది.

తెలుగులో ఈ ‘వెనుకకథ’కు లభించిన గౌరవం తక్కువది కాదు. ఆంధ్ర మహాభారత రచనకు ముందే తిక్కన చేపట్టిన ‘నిర్వచనోత్తర రామాయణం’ తొలి భాగంలో రావణ చరిత్రకే పెద్దపీట. కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణం’ తరువాతి శతాబ్దాలలో పండితుల్లోనూ పామరుల్లోనూ వ్యాపించింది. ఉత్తరకాండ అనగానే సీతాపరిత్యాగం, లవకుశులు మాత్రమే స్ఫురించడం సినిమా యుగపు అలవాటు. ఆ కాండంలో రావణుడు ఆక్రమించిన చోటు చిన్నది కాదు. ‘సీతారామ కల్యాణం’ చేసిన పని ఉత్తరకాండ సామగ్రిని బాలకాండకు ముందుకు జరపడం. కైలాసాన్ని పెకలించబోవడం, వేదవతి వృత్తాంతం మొదలైనవి కావ్యంలో రావణవధ తరువాత వినవలసిన విషయాలు. చిత్రంలో అవి సీత పుట్టుకకు ముందే కళ్ళెదుట జరుగుతాయి. కావ్యంలో ఆలస్యంగా వచ్చే సానుభూతిని చిత్రం ముందుగానే ఇచ్చివేస్తుంది. ఇందుకు నటుని ఆకర్షణ తోడ్పడి ఉండవచ్చు, కాని మూలం అది కాదు. కథాక్రమంలో జరిగిన మార్పే మూలం.

పాశ్చాత్య చిత్రంలోనూ ఇంచుమించు ఇదే జరిగిందని గుర్తించాలి. 1818 నాటి నవలలో వికృతజీవి అనర్గళంగా మాట్లాడుతుంది, మిల్టన్ కావ్యం చదువుతుంది, తన కథ తానే చెప్పుకుంటుంది. 1931 చిత్రం ఆ నోటిని మూసింది. 1935 చిత్రం కొంతవరకు తిరిగి తెరిచింది. కనుక తరువాయి అన్నది పైకి ముందడుగుగా కనిపించినా లోపల మూలానికి తిరిగిపోవడమే. జీవి మాట్లాడటం కార్లాఫ్‌కు ఇష్టం లేకపోయిందన్నది ప్రసిద్ధం. మాట వస్తే భయం పోతుందన్న ఆయన శంక అర్థం చేసుకోదగినదే.

మాట, వాద్యం

ఆ శంకకు డెల్టా రంగస్థలంలో చోటు లేదు. కూచిపూడి భాగవతులు ఆడిన యక్షగానాలలో ప్రతి ముఖ్యపాత్రకూ ప్రవేశదరువు ఉంటుంది. నాయిక అయినా రాక్షసుడైనా తెర తొలగగానే తన గొప్పను తన దరువులో ప్రకటించుకోవలసిందే. ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడు ఈ హక్కుతోనే రంగం మీదికి వస్తాడు. రాక్షసుడు ఇక్కడ మొదటి క్షణం నుంచీ వాగ్మి. ఆ రంగస్థలానికి అలవాటుపడిన ప్రేక్షకునికి నోరులేని రాక్షసుడే వింత. ‘మాయాబజార్’లో నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు ఘటోత్కచునికి లభించిన ఆదరం ఈ ధోరణిదే. అయితే ఘటోత్కచుడు నాయకపక్షంవాడు కనుక అక్కడ సానుభూతికి అడ్డేమీ లేదు, చిక్కంతా ప్రతినాయకునితోనే.

ధనంజయుని ‘దశరూపకం’ ప్రతినాయకుని లుబ్ధుడు, ధీరోద్ధతుడు, స్తబ్ధుడు, పాపకారి, వ్యసని అని నిర్వచించింది. సీత మీద రావణుని ప్రేమను అభినవగుప్తుడు శృంగారాభాసకు ఉదాహరణగా తీసుకున్నాడు. అంటే లక్షణశాస్త్రం ప్రకారం రావణుని అనురాగం రసస్థాయికి చేరదు, చేరినట్లు భ్రమింపజేస్తుంది. ఇటువంటి పాత్రకు సానుభూతి రావాలంటే అది శృంగారం ద్వారా రాకూడదు. రచయిత సముద్రాలకు ఈ సంగతి తెలిసినట్లే కనిపిస్తుంది. చిత్రంలో రావణుడు ప్రేక్షకుని గెలుచుకునే సన్నివేశంలో స్త్రీ ప్రసక్తి లేదు. కైలాసాన్ని ఎత్తబోయి దాని కింద నలిగిన రావణుడు తన నరాలనే తంత్రులుగా చేసి రుద్రవీణ మీటి శివుని మెప్పిస్తాడు. శివుని కోసం ఆర్తిగా పాడే గొంతు ఘంటసాలది. ఆయన పుట్టిన చౌటపల్లి కూడా గుడివాడ చుట్టుపక్కల ఊరే.

వేల్ చిత్రంలోనూ వికృతజీవి మనిషిగా మారేది సంగీతం వల్లనే. ఊరివారు తరుముతుండగా అడవిలో పరుగెత్తే ఆ జీవికి ఒక గుడిసె నుంచి వయొలిన్ నాదం వినిపిస్తుంది. వాయిస్తున్న వృద్ధుడు అంధుడు కనుక రూపం చూసి జడవడు. రొట్టె పెడతాడు, స్నేహమన్న మాట నేర్పుతాడు. చూపున్నవారు రాగానే గుడిసె తగలబడిపోతుంది.

రెండు సన్నివేశాలనూ పక్కపక్కన పెడితే భేదం తేటతెల్లమవుతుంది. అక్కడ జీవి శ్రోత. సంగీతం మరొకరి దయ. ఇక్కడ రావణుడు వైణికుడు. సంగీతం తన విద్య, వాద్యం తన దేహం. మొదటిది లేమి వల్ల పుట్టిన కరుణ. పేరు లేదు, భాష లేదు, తోడు లేదు కనుక ప్రేక్షకుడు జాలిపడతాడు. రెండవది అతిశయం వల్ల పుట్టిన కరుణ. వేదం ఉంది, విద్య ఉంది, భక్తి ఉంది, బలం ఉంది; ఇన్ని ఉన్నవాడు నశించబోతున్నాడన్న స్పృహ ప్రేక్షకుని కలచివేస్తుంది. నేపథ్యంలో జయవిజయుల శాపకథ తెలిసిన ప్రేక్షకునికి ఆ నాశం ముందే తీర్పైపోయింది. రామారావుకు విజయవాడ కళాశాలలో తెలుగు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ రాసిన ‘రామాయణ కల్పవృక్షం’ చదివినవారికి ఈ అతిశయ కరుణ అపరిచితం కాదు. కాని కల్పవృక్షం నుంచి సినిమా ఏదో గ్రహించిందని నిరూపించే ప్రయత్నం అనవసరం. నాటకాల ద్వారా, హరికథల ద్వారా ఆ భావం డెల్టా గాలిలోనే ఉంది.

ఇక్కడ ‘భూకైలాస్’ (1958)ను విస్మరించరాదు. ఏ.వి.ఎం. సంస్థ కోసం కె. శంకర్ దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి రచన సముద్రాలదే, రావణుడు రామారావే. తల్లి పూజ కోసం ఆత్మలింగం తేవడానికి వెళ్ళిన కొడుకు దేవతల మాయకు లోనై వరం అడగడంలో పొరబడతాడు. రెండవసారి సాధించుకున్న లింగాన్ని దారిలో పోగొట్టుకుంటాడు. మోసగించినవారు దేవతలు, మోసపోయినవాడు రాక్షసుడు. అందులో నారదుడైన అక్కినేని నాగేశ్వరరావు (ఈయన స్వగ్రామం రామాపురమూ గుడివాడ ప్రాంతమే) రామావతార కథను ముందుగానే గానం చేస్తాడు. రావణుడు బతికి ఉండగానే అతని మరణం పాటగా వినిపిస్తుంది. అదే రచయిత, అదే నటుడు మూడేళ్ళకు రావణకథను మళ్ళీ ఎత్తుకున్నప్పుడు ప్రేక్షకునికి అది తరువాయిగానే అనిపించి ఉంటుంది. నిర్మాణసంస్థలు వేరైనా శరీరం ఒకటే.

పది ముఖాలు

ఆ శరీరం తెర మీద ఎలా కూర్చబడిందన్నది చిన్న విషయం కాదు. రంగస్థల రావణునికి పది తలలంటే నటుని తలకు ఇరువైపులా కట్టిన అట్టముఖాలు. వాటిలో ఒకటే బతికి ఉంటుంది. ‘సీతారామ కల్యాణం’తో ఛాయాగ్రాహకునిగా పరిచయమైన రవికాంత్ నగాయిచ్ కెమెరా ముందు మాస్కులు మారుస్తూ ఒకే ఫిల్మును పలుమార్లు ఎక్స్‌పోజ్ చేసి పది తలలనూ రామారావు ముఖంతోనే నింపారు. అందుకోసం నటుడు గంటల తరబడి కదలకుండా నిలబడవలసి వచ్చింది. ఫలితంగా పది తలలూ సజీవమే, పదీ ఒకరివే.

కార్లాఫ్ జీవి దీనికి సరిగ్గా తలకిందులు. పలువురి అవయవాలు కుట్టి చేసిన ఒకే దేహం అది. జాక్ పియర్స్ చేసిన అలంకరణలో ఆ కుట్లు కనిపిస్తూనే ఉంటాయి. 1931 చిత్రం మొదట్లో వచ్చే పేర్లపట్టికలో ఆ పాత్రకు ఎదురుగా నటుని పేరుకు బదులు ప్రశ్నార్థకమే ఉంది. 1935లో ఆ ప్రశ్నార్థకం వధువు పాత్రకు బదిలీ అయింది. మేరీ షెల్లీగా కనిపించిన ఎల్సా లాంచెస్టరే చివరలో ఆ వధువుగానూ వస్తుంది. ‘ఎవరిదీ కాని దేహం’ అన్నది పాశ్చాత్య చిత్రపు వేదన. రావణుని విషయంలో ఈ ప్రశ్నకు తావే లేదు. విజయవాడ కళాశాల నాటకంలో మీసం తీయకుండానే నాగమ్మ వేషం వేసిన నటుని దేహం అది. ఏ వేషంలోనూ పూర్తిగా దాగదు. కృష్ణునిగా చూసి దండం పెట్టిన కళ్ళకు అదే ముఖం పదిసార్లు కనిపించినప్పుడు భయానకం నిలవడం కష్టం. చిత్రం బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఆ షాట్‌లో ఆశ్చర్యం ఉంది, వైభవం ఉంది, భయం మాత్రం లేదు. అద్భుతరసం భయానకాన్ని మింగివేసింది.

వధువు జ్ఞాపకం

రెండు చిత్రాల పేర్లలోనూ పెళ్ళి ఉంది. రెండింటిలోనూ రాక్షసుడు ఆ పెళ్ళికి వెలుపలివాడు. వేల్ చిత్రంలో జీవి కోసం వధువును తయారుచేస్తారు. నవలలో శాస్త్రజ్ఞుడు సగంలోనే నాశనం చేసిన ఆ ఆడరూపానికి చిత్రం ప్రాణం పోస్తుంది. కట్లు విప్పగానే ఆమె జీవిని చూసి కేక పెడుతుంది. ఆమె కథ అంతే. ఆమెకు మాట లేదు, పూర్వకథ లేదు, కోరిక ఏమిటో అడిగినవారు లేరు. తిరస్కరింపబడిన జీవి శాస్త్రజ్ఞుని, అతని భార్యను వెళ్ళిపొమ్మని, తనతోపాటు వధువును కూడా పేల్చివేస్తుంది. ప్రేక్షకుడు జీవి కన్నీటిని చూస్తాడు. చావడానికి వధువు ఒప్పుకున్నదా అన్న ప్రశ్న ఆ కన్నీటిలో కొట్టుకుపోతుంది. సానుభూతి పరిపూర్ణం కావడానికి ఆమె మౌనం ఖర్చయింది.

‘సీతారామ కల్యాణం’లో ఈ బేరం కుదరదు. రావణుడు తపస్సులో ఉన్న వేదవతిని చెరపట్టబోతే ఆమె అతని నాశనానికి తిరిగి పుడతానని శపించి అగ్నిలో దేహం వదులుతుంది. ఆ శాపం సీతగా జనకుని ఇంటికి చేరుతుంది. స్వయంవరంలో శివధనుస్సు ఎత్తలేక పరాభవం పొందే రావణుడు ఎవరి కోసం వచ్చాడో అతనికి తెలియదు, ప్రేక్షకునికి తెలుసు. వీణ మీటిన చేతులను చూసి కరిగిన ప్రేక్షకుడు అవే చేతులు వేదవతి వైపు చాచడాన్ని కూడా చూశాడు. ఇక్కడ వధువుకు పూర్వజన్మ ఉంది, జ్ఞాపకం ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా మాట ఉంది. రాక్షసునికి ప్రవేశదరువు ఇచ్చిన సంప్రదాయమే అతని చేతిలో దెబ్బతిన్నదానికి శాపవాక్యం ఇచ్చింది. రావణుని మీద సానుభూతి ఎంత పెరిగినా ఆ వాక్యం దగ్గర ఆగవలసిందే.

రాముని దైవత్వం చెక్కుచెదరకుండానే రావణుడు ప్రియుడు కావడంలోని మర్మం ఇదే. రావణుని నిలువరించేది ఈ చిత్రంలో రాముడు కాదు. రావణవధ ఈ కథలో లేనే లేదు. చిత్రం కల్యాణం దగ్గర ముగుస్తుంది, రావణుడు బతికే ఉంటాడు. రామునితో అతనికి ఇంకా యుద్ధమే లేదు కనుక ప్రేక్షకుడు ఇద్దరిలో ఒకరి పక్షం వహించనక్కరలేదు. అసలు వైరం రావణునికీ వేదవతికీ మధ్య. దానిని మరచి ‘రావణుని గొప్పగా చూపిన చిత్రం’ అని మాత్రమే చెప్పుకుంటే వేల్ చిత్రంలో వధువుకు జరిగినదే విమర్శలో వేదవతికి జరుగుతుంది. మైకేల్ మధుసూదన్ దత్తు ‘మేఘనాదవధ కావ్యం’ వచ్చిన 1861 నుంచి సరిగ్గా నూరేళ్ళకు ఈ చిత్రం వచ్చిందన్నది యాదృచ్ఛికమే. అయినా రావణపక్షపు సానుభూతిని చర్చించేవారు దత్తు పేరును తలచుకున్నంత తరచుగా వేదవతి పేరును తలచుకోరు.

తరువాతి చిత్రాలలో ఈ తూకం నిలవలేదనే చెప్పాలి. ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966)లో రామారావు కృష్ణునిగానూ దుర్యోధనునిగానూ నటించారు. ‘దానవీరశూరకర్ణ’ (1977)లో ఆ ఇద్దరితోపాటు కర్ణుని పాత్ర కూడా ఆయనదే. అందులో దుర్యోధనునికి కొండవీటి వెంకటకవి సమకూర్చిన సంభాషణలు నేటికీ జనం నోట ఉన్నాయి. యుగళగీతం సైతం ఆ పాత్రకు దక్కింది. భాసుని ‘ఊరుభంగం’లో తొడలు విరిగిన దుర్యోధనుడు ఒడిలో కూర్చోబోయిన కొడుకును వారించవలసి వచ్చినప్పుడు కలిగే కరుణకూ ఈ దుర్యోధనుడు కలిగించే ఉత్సాహానికీ పోలిక లేదు. 1977 నాటికి సానుభూతి గాయం నుంచి కాక వాగ్ధాటి నుంచి పుడుతోంది. ద్రౌపది ఆ వాగ్ధాటికి ఎదురాడగల వేదవతి కాలేకపోయింది.

‘శ్రీరామ పట్టాభిషేకం’ (1978)లో రామారావు దర్శకుడు కావడమే కాక రామునిగానూ రావణునిగానూ తానే నటించారు. 1961లో కథ వెలుపల ఉంచిన యుద్ధం అందులో తెరకెక్కింది. బాణం వేసినవానిది, కూలినవానిది ఒకే ముఖం. ఉత్తరకాండలో చంపినవాడు చచ్చినవాని కథ అడిగి తెలుసుకోవలసి వచ్చింది; అడగడానికి అక్కడ ఇద్దరు ఉన్నారు. ఇక్కడ అడగవలసిన అగత్యమే లేకపోయింది. పందిళ్ళలో మాత్రం నేటికీ 1961 నాటి పాటే వినిపిస్తుంది.